కొలుములలో ఉష్ణ సమత్వం (తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతం)

కొలుములలో ఉష్ణ సమత్వం అనగా, ఒక కొలిమిలో గాని, బట్టీలో గాని, ఆరబెట్టు యంత్రంలో గాని ఉంచిన సరుకు మొత్తానికి ఒకే స్థాయి వేడి, ఒకే కాలం పాటు అందేటట్లు ఇంధనం నుండి వెలువడే ఉష్ణాన్ని అదుపు చేయడం. ఉక్కు, గాజు, పింగాణీ వంటి భారీ పరిశ్రమలలో ఇది ఒక ప్రత్యేక శాస్త్రంగా ఎదిగింది. కృష్ణా పశ్చిమ డెల్టాలోని తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాలలో భారీ కొలుములు లేకపోయినా, ఇదే సమస్య ఇటుక బట్టీల రూపంలో, వడ్లను ఆరబెట్టే ఊక పొయ్యిల రూపంలో ఉన్నది. 2022లో కేంద్ర ప్రభుత్వం ఇటుక బట్టీలకు కొత్త ప్రమాణాలు ప్రకటించిన తరువాతా, 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను ఈ తీరాన్ని తాకిన తరువాతా ఈ విషయానికి ప్రాధాన్యం పెరిగింది.

ప్రాంతం, పరిశ్రమలు

2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో బాపట్ల, రేపల్లె కొత్తగా ఏర్పడిన బాపట్ల జిల్లాలోకి వచ్చాయి. తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. పాలన వేరైనా ఈ మూడింటి నేల, నీరు, పంట దాదాపు ఒక్కటే. ప్రకాశం బ్యారేజీ నుండి వచ్చే పశ్చిమ డెల్టా కాలువల కింద ఇక్కడ వరి ప్రధాన పంట. సాంబ మసూరి పేరుతో దేశమంతటా ప్రసిద్ధి చెందిన బి.పి.టి. 5204 వరి వంగడం 1986లో బాపట్ల నుండే విడుదలైంది. 1945లో ప్రారంభమైన వ్యవసాయ కళాశాల కూడా బాపట్లలోనే ఉన్నది.

వరి ఉన్నచోట బియ్యపు మిల్లులు, మిల్లులు ఉన్నచోట ఊక ఉండటం సహజం. వడ్ల బరువులో దాదాపు ఐదో వంతు ఊకగా మిగులుతుంది. ఒక కిలో ఊకను కాల్చితే సుమారు 13 నుండి 15 మెగాజౌళ్ళ ఉష్ణం వెలువడుతుంది. ఇది మధ్యరకం బొగ్గు ఇచ్చే ఉష్ణం కంటే కొంత తక్కువ. ఒండ్రు నేల, ఊక రెండూ దగ్గరలోనే దొరకడం వలన డెల్టాలో ఇటుకల తయారీ వర్షాలు లేని నెలలలో సాగే పరిశ్రమగా స్థిరపడింది. శిల్పులకు పేరు పొందిన తెనాలిలో కంచు పోతకు కూడా కొలిమి అవసరమే. ఈ పనులన్నిటిలో తేడా ఉష్ణోగ్రతలోనే. వడ్లకు పదుల డిగ్రీలు చాలు. ఇటుకకు సుమారు 1000 డిగ్రీల సెల్సియస్, కంచు పోతకు అంతకంటే కొంచెం ఎక్కువ కావాలి. అయితే వేడిని సమంగా పంచవలసిన అవసరం అన్నిటికీ ఒక్కటే.

వేడి సమంగా లేకపోతే ఏమి జరుగుతుంది?

పచ్చి ఇటుక కాలడం ఒక్క దశలో జరిగే పని కాదు. మొదట 100 డిగ్రీలు దాటేసరికి మట్టిలో మిగిలిన తేమ ఆవిరి అవుతుంది. సుమారు 450 నుండి 600 డిగ్రీల మధ్య బంకమట్టి కణాలలో రసాయనికంగా బంధించబడిన నీరు బయటికి పోతుంది. 573 డిగ్రీల వద్ద మట్టిలోని క్వార్ట్జ్ ఇసుక రేణువులు తమ స్ఫటిక నిర్మాణాన్ని మార్చుకొని హఠాత్తుగా వ్యాకోచిస్తాయి. చల్లారేటప్పుడు ఇదే స్థానంలో సంకోచిస్తాయి. ఈ దశలలో వేడి తొందరగా మారితే ఇటుక చిట్లుతుంది. 900 డిగ్రీలు దాటిన తరువాత మట్టిలో కొంత భాగం మెత్తబడి, కణాలను ఒకదానితో ఒకటి అతికిస్తుంది. గోడ మోసే బలం ఇటుకకు వచ్చేది ఇక్కడే.

దీనిని బట్టి ఒక బట్టీలో ఒక మూల 750 డిగ్రీలు, మరొక మూల 1100 డిగ్రీలు ఉంటే, మొదటి మూలలోని ఇటుక వానకు నాని పెళుసవుతుంది, రెండవ మూలలోని ఇటుక కరిగి వంకరపోయి పక్కదానికి అతుక్కుంటుంది. సగటు మాత్రం 925 డిగ్రీలు, అనగా కాగితం మీద సరిగానే ఉన్నట్లు! విద్యార్థులు ఇక్కడ గమనించవలసిన ముఖ్య విషయం ఇదే. కొలిమి పనితనాన్ని సగటు ఉష్ణోగ్రత చెప్పదు. అత్యధిక, అత్యల్ప ఉష్ణోగ్రతల మధ్య తేడా చెబుతుంది.

సరిగా కాలని ఇటుకను తప్పించడానికి బట్టీదారు సాధారణంగా చేసే పని ఇంకా ఇంధనం వేయడం. చల్లని మూల కొంత వేడెక్కుతుంది కాని, వేడి మూల మరింత మితిమీరుతుంది. ఇంధనపు ఖర్చు, పొగ, పాడైన ఇటుక మూడూ పెరుగుతాయి. కాబట్టి ఉష్ణ సమత్వం నాణ్యతకు మాత్రమే సంబంధించినది కాదు. అది ఖర్చుకు, ఊరి గాలికి కూడా సంబంధించినది.

ఉష్ణ విడుదల వెనుక శాస్త్రం

మంట ఇచ్చే ఉష్ణం రెండు అంశాల మీద ఆధారపడుతుంది. మొదటిది క్షణానికి ఎంత ఇంధనం కాలుతోంది అన్నది. రెండవది దానికి ఎంత గాలి అందుతోంది అన్నది. ఒక ఘనపు మీటరు మీథేన్ పూర్తిగా కాలడానికి సుమారు తొమ్మిదిన్నర ఘనపు మీటర్ల గాలి కావాలి. గాలి తగ్గితే కార్బన్ మోనాక్సైడ్, మసి ఏర్పడి ఇంధనం వృథా అవుతుంది. గాలి మరీ ఎక్కువైతే ఆ అదనపు గాలిని వేడి చేయడానికే ఉష్ణం ఖర్చయి, పొగగొట్టం గుండా బయటికి పోతుంది. పాఠశాల ప్రయోగశాలలోని బున్సెన్ బర్నరు దీనికి మంచి ఉదాహరణ. గాలి రంధ్రం మూసినప్పుడు పసుపు పచ్చని, మసి పట్టే మంట వస్తుంది. తెరచినప్పుడు నీలి మంట వస్తుంది. వాయువు అదే, గాలి మాత్రమే మారింది.

కొలిమిలో వేడి సరుకును చేరేది రెండు మార్గాలలో. ఒకటి వేడి వాయువుల కదలిక, అనగా సంవహనం. రెండవది మంట నుండి, ఎర్రగా కాగిన గోడల నుండి వచ్చే వికిరణం. స్టెఫాన్-బోల్ట్జ్‌మన్ నియమం ప్రకారం వికిరణ శక్తి పరమ ఉష్ణోగ్రత నాలుగవ ఘాతానికి అనులోమానుపాతంలో ఉంటుంది. 900 డిగ్రీల సెల్సియస్ అంటే 1173 కెల్విన్. 1000 డిగ్రీలంటే 1273 కెల్విన్. మొదటి దానికంటే రెండవ ఉపరితలం వెలువరించే వికిరణం దాదాపు 39 శాతం ఎక్కువ. సెల్సియస్ లెక్కలో 11 శాతంగా కనిపించే తేడా, సరుకుకు చేరేసరికి ఇంత పెద్దదవుతుంది. మంటకు ఎదురుగా ఉన్న ఇటుక మాడి, చాటున ఉన్నది పచ్చిగా మిగలడానికి ప్రధాన కారణం ఇదే.

కాలం కూడా ముఖ్యమే. వేడి ఉపరితలం నుండి లోపలికి చేరడానికి పట్టే సమయం దళసరి వర్గానికి అనులోమానుపాతంలో పెరుగుతుంది. దళసరి రెట్టింపైతే సమయం నాలుగు రెట్లు. కావున గరిష్ఠ ఉష్ణోగ్రత చేరిన వెంటనే మంట తీసివేయకుండా, కొంతకాలం అదే వేడిలో నిలపవలసి ఉంటుంది.

వాయు బర్నర్ల నియంత్రణ

సహజవాయువు వంటి ఇంధనాలను వాడే కొలుములలో బర్నరును అదుపు చేయడానికి ప్రధానంగా రెండు పద్ధతులు ఉన్నాయి.

మొదటిది మంటను తగ్గించడం, పెంచడం. ఉష్ణోగ్రత చేరవలసిన స్థాయికి దగ్గరయ్యే కొద్దీ వాయువును, గాలిని కలిపి తగ్గిస్తారు. ఇది సులభమైన పద్ధతే కాని, ఒక లోపం ఉన్నది. బర్నరు నుండి వచ్చే వాయుధార ప్రవాహం సగానికి తగ్గితే, ద్రవ్యరాశి, వేగం రెండూ సగమవుతాయి కనుక దాని తాకిడి నాలుగో వంతుకు పడిపోతుంది. అప్పుడు మంట కొలిమి ఆ చివరకు చేరక, బర్నరు దగ్గరే పైకి లేస్తుంది. దగ్గరి భాగం, పైభాగం వేడెక్కుతాయి. దూరపు భాగం, అడుగుభాగం చల్లగా ఉండిపోతాయి.

రెండవది విడతల పద్ధతి. ఇందులో బర్నరు వెలిగితే పూర్తి బలంతో వెలుగుతుంది, లేకపోతే ఆరిపోతుంది లేదా కనీస మంటకు దిగుతుంది. ఉష్ణం 30 శాతం చాలునంటే ప్రతి బర్నరు 30 శాతం కాలం మాత్రమే వెలుగుతుంది. పది బర్నర్లు ఉంటే అవి ఒకదాని తరువాత ఒకటి వంతులవారీగా వెలుగుతాయి. వెలిగిన ప్రతిసారీ వాయుధార పూర్తి వేగంతో దూసుకుపోయి, కొలిమిలోని వాయువులను తనతో లాగి కలియతిప్పుతుంది. అందువలన తక్కువ వేడిలో కూడా నాలుగు మూలలా సమంగా ఉంటుంది. పింగాణీ బట్టీలలో, లోహాలను పదును చేసే కొలుములలో ఈ పద్ధతి విరివిగా వాడుకలో ఉన్నది.

పెద్ద కొలుములను అనేక మండలాలుగా విభజించి, ప్రతి మండలానికి ప్రత్యేక ఉష్ణయుగ్మం, ప్రత్యేక నియంత్రకం అమర్చుతారు. కొలిమి లోపలి పీడనాన్ని బయటి పీడనం కంటే స్వల్పంగా ఎక్కువ ఉంచడం వలన తలుపు సందులలోంచి చల్లగాలి లోపలికి రాదు. విశాఖపట్నం ఉక్కు కర్మాగారం వంటి చోట్ల చుట్టలుగా, కడ్డీలుగా సాగదీయడానికి ముందు ఉక్కు దిమ్మెలను సుమారు 1200 డిగ్రీల వరకు వేడి చేస్తారు. దిమ్మెకు ఒక వైపు చల్లగా ఉంటే సాగదీసే రోలర్ల మీద భారం పెరుగుతుంది, సరుకు మందం మారుతుంది.

ఘన ఇంధనం: పొయ్యి పద్ధతి ఎందుకు వేరు?

వాయు కొలిమిలో మేలు చేసే విడతల పద్ధతి, బొగ్గు లేదా ఊక బట్టీలో కీడు చేస్తుంది. ఇది మొదట వింతగా తోచవచ్చును. వాయు బర్నరులో ఇంధనం, గాలి రెండూ కలిసి వస్తాయి, కలిసి ఆగుతాయి. బట్టీలో అలా కాదు. పొగగొట్టం లాగే గాలి దాదాపు ఒకే స్థాయిలో ఉంటుంది. ఇంధనం మాత్రం పార పడినప్పుడే పడుతుంది. ఒకేసారి గంపెడు బొగ్గు పడితే, దానిలోని ఆవిరయ్యే భాగం నిమిషాలలో బయటికి వచ్చి, అప్పుడున్న గాలి చాలక నల్లని పొగగా పోతుంది. ఆ తరువాత మళ్ళీ బొగ్గు వేసేదాకా గాలి అవసరానికి మించి ఉండి బట్టీని చల్లారుస్తుంది. అంటే ఒకే గంటలో గాలి కొరత వలన ఒకసారి, గాలి మిగులు వలన ఒకసారి నష్టం జరుగుతుంది. ఊక తేలికగా ఉండి త్వరగా అంటుకుంటుంది కనుక దానితో ఈ ఒడిదుడుకులు మరింత ఎక్కువ.

అందువలన ఘన ఇంధనానికి సూత్రం, కొద్దికొద్దిగా, తరచుగా, ఎక్కువ చోట్ల వేయడం. వంటింట్లో ఊక పొయ్యి ఎరిగిన పాతతరం గృహిణులకు ఈ సూత్రం కొత్తది కాదు.

ఇటుక బట్టీల చరిత్ర కూడా ఈ దిశలోనే సాగింది. పొగగొట్టం లేని ఆవం అన్నిటికంటే పాతది. దక్షిణ భారతదేశంలో నేటికీ ఎక్కువగా కనిపించేది ఇదే. పచ్చి ఇటుకల మధ్య ఇంధనం పేర్చి, పైన మట్టి మెత్తి, ఒకసారి నిప్పు పెడతారు. ఆ తరువాత ఉష్ణ విడుదలను అదుపు చేసే అవకాశం దాదాపు ఉండదు. నియంత్రణ అంతా పేర్పులోనే ఉన్నది. గాలి వీచే వైపు మంట ముందుకు పరుగెడుతుంది. సముద్రపు గాలి తగిలే బాపట్ల, రేపల్లె గ్రామాలలో ఈ ఇబ్బంది మరింత ఎక్కువ.

1858లో జర్మనీకి చెందిన ఫ్రెడరిక్ హాఫ్‌మన్ మంట ఆగకుండా చుట్టూ తిరిగే బట్టీకి హక్కులు పొందాడు. బుల్ అనే ఆంగ్ల ఇంజనీరు 1876లో దానిని చౌకగా మార్చి, కందకం బట్టీని రూపొందించాడు. భారతదేశంలో ముఖ్యంగా ఉత్తరాదిన ఇదే వ్యాపించింది. దీనిలో చల్లారుతున్న ఇటుకల మీదుగా వచ్చే గాలి ముందే వేడెక్కుతుంది. మంట దాటిన వేడి వాయువులు పచ్చి ఇటుకలను ఆరబెడతాయి. వంకరటింకర బట్టీ, అనగా జిగ్‌జాగ్ బట్టీ, దీని తరువాతి మెట్టు. ఇందులో ఇటుకలను గదులుగా పేర్చి, వాయువు నేరుగా పోకుండా అటూ ఇటూ మళ్ళేటట్లు చేస్తారు. దారి పొడవు పెరగడం వలన, మలుపు మలుపునా వాయువులు బాగా కలియడం వలన ఇంధనం పూర్తిగా కాలి, వేడి అంతటా సమంగా పంచబడుతుంది. బొగ్గును చిన్న చెంచాలతో దాదాపు ఆపకుండా వేయడం ఈ పద్ధతిలో ఒక ముఖ్యమైన నియమం.

ఒక చిన్న లెక్క

పొగగొట్టం లేని ఆవంలో ఒక కిలో ఇటుక కాలడానికి సుమారు 2 మెగాజౌళ్ళ ఉష్ణం ఖర్చవుతుందనీ, చక్కగా నడిచే జిగ్‌జాగ్ బట్టీలో 1.1 మెగాజౌళ్ళు చాలుననీ అనుకుందాం. ఇటుక బరువు 3 కిలోలు. లక్ష ఇటుకలంటే 300 టన్నులు. ఆవానికి 6 లక్షల మెగాజౌళ్ళు, జిగ్‌జాగ్ బట్టీకి 3 లక్షల 30 వేల మెగాజౌళ్ళు కావాలి. తేడా 2 లక్షల 70 వేలు. కిలోకు 18 మెగాజౌళ్ళు ఇచ్చే బొగ్గుతో లెక్కిస్తే ఇది 15 టన్నుల బొగ్గుకు సమానం.

ఊకతో లెక్కిస్తే, ఒక టన్ను వడ్ల నుండి వచ్చే 200 కిలోల ఊక ఆవంలో సుమారు 450 ఇటుకలను కాల్చగలదు. అదే ఊక జిగ్‌జాగ్ బట్టీలో 800కు పైగా ఇటుకలకు సరిపడే ఉష్ణాన్ని ఇస్తుంది.

2022 నాటి ప్రమాణాలు

కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2022 ఫిబ్రవరి 22న ఇటుక బట్టీలకు కొత్త ప్రమాణాలు ప్రకటించింది. పొగలోని ధూళి ఘనపు మీటరుకు 250 మిల్లీగ్రాములు మించరాదు. కొత్త బట్టీలు జిగ్‌జాగ్ పద్ధతిలో గాని, నిలువు బట్టీలుగా గాని, గొట్టపు సహజవాయువుతో గాని మాత్రమే నడవాలి. పాత బట్టీలు కూడా ఆ పద్ధతులకు మారాలి. గాలి కాలుష్యం మితిమీరినట్లు గుర్తించిన నగరాలకు పది కిలోమీటర్ల లోపు ఉన్నవాటికి ఒక సంవత్సరం, ఇతర ప్రాంతాల బట్టీలకు రెండు సంవత్సరాల గడువు ఇవ్వబడింది. గుంటూరు, విజయవాడ ఆ నగరాల జాబితాలో ఉన్నాయి. తెనాలి, రేపల్లె, బాపట్ల పట్టణాలు ఆ పది కిలోమీటర్ల పరిధికి వెలుపల ఉన్నాయి కనుక వీటికి వర్తించేది రెండేళ్ళ గడువు. ప్రకటన ప్రకారం అది 2024 ఫిబ్రవరితో ముగిసింది. టైర్లు, ప్లాస్టిక్, పెట్రోలియం కోకు, ప్రమాదకర వ్యర్థాలు కాల్చడం నిషిద్ధం. పంట వ్యర్థాలను ఇంధనంగా వాడవచ్చును. కనుక ఊకకు అడ్డు లేదు.

ఈ ప్రమాణాల ఉద్దేశం మంచిదే. కాని అమలులో ఒక చిక్కు ఉన్నది. ప్రమాణం కొలిచేది పొగగొట్టం చివర వచ్చే ధూళిని. ఆవానికి పొగగొట్టమే లేదు. పైగా ఆవం కాల్చేవారిలో చాలామంది కౌలు భూమిలో ఒకటి రెండు నెలలు మాత్రమే పని చేసే చిన్నవారు. స్థిరమైన జిగ్‌జాగ్ బట్టీ కట్టాలంటే స్థిరమైన స్థలం, పెట్టుబడి కావాలి. నిబంధనను యథాతథంగా అమలు చేస్తే వీరు పని మానుకోవలసి వస్తుంది. అమలు చేయకపోతే పక్క ఊరి పిల్లలు, ముసలివారు ఆ పొగ పీల్చవలసి వస్తుంది. బట్టీ మీద నిలబడి పనిచేసే కూలీలు అందరికంటే ఎక్కువ పీలుస్తారు. ఇద్దరిలో ఎవరి కష్టమూ కొట్టివేయదగినది కాదు.

తడిసిన వడ్లు, ఊక పొయ్యి

2023 డిసెంబరు 5న మిచాంగ్ తీవ్ర తుఫాను బాపట్ల సమీపంలో తీరం దాటింది. డెల్టాలో అది వరికోతల కాలం. పొలాలలో పనల మీద, కళ్ళాలలో రాశుల మీద ధాన్యం తడిసిపోయింది. ప్రభుత్వ కొనుగోలుకు ధాన్యంలో తేమ 17 శాతం మించరాదు. ఎండ లేని రోజులలో తేమ తగ్గించే మార్గం వేడిగాలి యంత్రాలే.

ఇక్కడ కూడా సమత్వమే కీలకం. గాలి మరీ వేడెక్కితే గింజ పైపొర ముందుగా ఎండి, లోపల తేమ నిలిచి, గింజలో సన్నని పగుళ్ళు ఏర్పడతాయి. మిల్లులో ఆ గింజ నూకగా విరిగిపోతుంది. కాబట్టి వడ్లకు పంపే గాలిని సాధారణంగా 40 నుండి 60 డిగ్రీల మధ్య ఉంచుతారు. విత్తనాల వడ్లకైతే మొలక శక్తి చెడకుండా ఇంకా తక్కువ ఉంచాలి. ఊకను చేతితో కుమ్మరించే పొయ్యిలో గాలి వేడి నిమిష నిమిషానికి మారుతుంది. ఊకను తిరుగుడు మరతో కొలతగా అందించి, పొగ వడ్లకు తగలకుండా వేడి గొట్టాల ద్వారా గాలిని కాచే పొయ్యిలో ఈ హెచ్చుతగ్గులు చాలావరకు తగ్గుతాయి.

ఊక బూడిద విషయంలోనూ ఉష్ణోగ్రతకు ప్రాధాన్యం ఉన్నది. బూడిదలో అధిక భాగం సిలికా. సుమారు 700 డిగ్రీల లోపు కాలిన బూడిదలోని సిలికా స్ఫటిక రూపం పొందదు. అది సిమెంటులో కలపడానికి పనికివస్తుంది. అంతకు బాగా మించి కాలితే స్ఫటిక సిలికా ఏర్పడుతుంది. దాని ధూళి ఊపిరితిత్తులకు హానికరం. అంటే అదుపు తప్పిన మంట అమ్ముడుపోయే సరుకును జబ్బు తెచ్చే ధూళిగా మార్చుతున్నది.

సహజవాయువు పరిష్కారమా?

బావులు పక్కనే ఉండగా బొగ్గు ఎందుకని అడగవచ్చును. కృష్ణా-గోదావరి బేసిన్ అనుభవం ఈ ప్రశ్నకు జాగ్రత్తగా జవాబు చెప్పమంటోంది. డి-6 క్షేత్రంలో 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలై, 2010 తరువాత వేగంగా పడిపోయింది. ఆ వాయువును నమ్ముకొని కట్టిన విద్యుత్ కేంద్రాలు మూతపడి ఉండవలసి వచ్చింది. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో గొట్టపు మార్గం పేలి ఇరవై మందికి పైగా మరణించారు. వాయువు శుభ్రమైన ఇంధనమే, దానితో ఉష్ణ సమత్వం సులభమే. అయితే సరఫరా, ధర, భద్రత మూడూ చిన్న పరిశ్రమ చేతిలో ఉండేవి కావు. ఊక మాత్రం ఊళ్ళోనే పుడుతుంది.

అసలు కాల్చే అవసరమే లేని ఇటుకల సంగతి కూడా చెప్పుకోవాలి. ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం వంటి చోట్ల వచ్చే బూడిదతో ఒత్తి చేసే ఇటుకలకు బట్టీ అక్కరలేదు, పొలాల పైమట్టి పోదు. కాల్చిన ఇటుకకు ఇవి గట్టి పోటీ. పోటీలో నిలవాలంటే ఆవం తన ఇంధనపు దుబారాను తగ్గించుకోక తప్పదు.

చేయదగిన పనులు

పెట్టుబడి తక్కువ పట్టే పనులను ముందు చేయడం ఉత్తమం. అవి ఈ విధంగా ఉండవచ్చును.

మొదటిది, కొలవడం. మంట రంగును బట్టి వేడిని అంచనా వేసే అనుభవజ్ఞులు ఉన్నారు. అయితే ఎండలో ఒక రంగు, రాత్రి ఒక రంగు కనిపిస్తుంది. రెండు మూడు చోట్ల ఉష్ణయుగ్మాలు పెట్టి గంట గంటకు రాసుకుంటే, బట్టీలో చల్లని మూల ఏదో మొదటి విడతలోనే తెలుస్తుంది.

రెండవది, వేసే తీరు. ఇంధనాన్ని పొడి చేసి, చిన్న మోతాదులలో, తరచుగా వేయడం. దీనికి కావలసింది యంత్రం కాదు, శిక్షణ, కాస్త మెరుగైన కూలి.

మూడవది, పేర్పు. అంచుల దగ్గర ఇంధనం కొంచెం ఎక్కువ, నడుమ కొంచెం తక్కువ ఉంచడం, గాలి వీచే వైపు అడ్డు కట్టడం, పైకప్పు మట్టి పొరను దళసరిగా వేయడం. మట్టిలోనే కొంత ఊకనో బొగ్గు పొడినో కలిపితే ప్రతి ఇటుకా లోపలి నుండి కూడా వేడి పొందుతుంది.

నాలుగవది, కలిసి కట్టడం. విడివిడిగా కాల్చే పది ఆవాల స్థానంలో సహకార పద్ధతిపై ఒక జిగ్‌జాగ్ బట్టీ ఏర్పడితే నిబంధన అమలవుతుంది, పని కూడా నిలుస్తుంది. దీనికి బ్యాంకు అప్పు, స్థలం సమకూర్చే బాధ్యత ప్రభుత్వం తీసుకోవాలి. గడువు పెట్టి ఊరుకోవడం వలన బట్టీ మారదు.

ఐదవది, తుఫాను కాలానికి ఊక పొయ్యితో నడిచే ఆరబెట్టు యంత్రాలను కొనుగోలు కేంద్రాల వద్ద ముందే సిద్ధంగా ఉంచడం. వడ్లు మొలకెత్తిన తరువాత తెచ్చిన యంత్రం రైతుకు ఉపయోగపడదు.

ముగింపు

కొలిమి పెద్దదైనా చిన్నదైనా దానికి కావలసింది వేడి మాత్రమే కాదు, వేడి సమంగా చేరడం. వాయు బర్నరుకు పూర్తి బలంతో వంతులవారీగా వెలగడం దారి. ఊకకు, బొగ్గుకు కొద్దికొద్దిగా ఎడతెగక అందడం దారి. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలలో ఈ తేడాను గుర్తించి పని చేసిన బట్టీ తక్కువ ఇంధనంతో ఖంగుమనే ఇటుకను ఇస్తుంది, తక్కువ పొగను వదులుతుంది. గుర్తించని బట్టీ అదే ఊకను కాల్చి, సగం ఇటుకను, మొత్తం పొగను ఊరికి మిగులుస్తుంది.